మోగని క్రాంక్

జకరయ్యకు వచ్చిన చిక్కు ఏంటంటే, షెడ్డులోకి నీళ్లు వచ్చేస్తున్నాయి, లోపల బండ్లు రెండున్నాయి, బండిని పైకెత్తే చైన్ పుల్లీ ఒక్కటే ఉంది.

రెండూ ఇంగ్లండు బండ్లే. ఎం.జీ. కార్లు. రెండే సీట్లు, పొడుగు ముక్కు, సైకిలుకున్నట్టు ఊచల చక్రాలు. పొగాకు కంపెనీ దొరలు గుంటూరు పక్కన ఉన్న రోజుల్లో ఓడల మీద తెప్పించుకున్నవి. దొరలు పోయారు, బండ్లు మాత్రం ఇక్కడే చేతులు మారుతూ ఉండిపోయాయి.

ఎర్రది ఫొటో స్టూడియో కోదండపాణిది. కార్బురేటర్ పని ఉందని తెచ్చి దించిపోయాడు. ఆకుపచ్చది జకరయ్య సొంతం.

ఇదంతా చెప్తున్న నేనెవరంటే, సీతారత్నాన్ని. బెజవాడ ఆటోనగర్లో కారు సీట్లు కుట్టే షాపు నాది. ఖాసింపీరా ఉస్తాద్ షెడ్డుకీ నా షాపుకీ మధ్య ఒక రేకుల గోడ, అది కూడా పైదాకా లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో పేరు. ఈ సంగతి మాత్రం చాలా రోజులు నానింది.

ఖాసింపీరా ఉస్తాద్ డెబ్బై దాటిన మనిషి. ఇంగ్లండు బండ్లు తప్ప ఇంకోటి ముట్టడు. ఆ బండ్ల నట్లకు మన పానాలు పట్టవు, వాటి కొలతే వేరు. అలాంటి పానాలు ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె నిండా ఉన్నాయి. మాట తక్కువ. ఆయన నోరు తెరిస్తే వాన పడుద్దని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆ ఏడు ఎవరితో అంతసేపు మాట్లాడాడో ఏమో గానీ, వాగు పొంగి సగం ఊరు మునిగింది.

జకరయ్య ఆయన శిష్యుడు. శిష్యుడంటే మీసం రాని పిల్లోడు అనుకునేరు, నలభై దాటాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. చిన్నప్పుడు చేరినవాడు చేరినట్టే ఉన్నాడు. పనిలో ఉస్తాద్ చెయ్యి ఎంతో జకరయ్య చెయ్యీ అంత. అయినా వాడు ఉస్తాద్ కాదు. మా ఆటోనగర్లో పాతకాలం షెడ్లకు ఒక కట్టుబాటు ఉంది. తుక్కులో పడున్న బండిని ఎవడైతే సొంతంగా నిలబెట్టి, పక్కసీట్లో తన గురువును కూర్చోబెట్టుకుని ఆటోనగర్ చుట్టూ ఒక చుట్టు తిప్పుతాడో, ఆ రోజు నుంచి వాడూ ఉస్తాదే. సొంత బోర్డు కట్టుకోవచ్చు. తిప్పనివాడు ఎంత పనిమంతుడైనా మేస్త్రీ దగ్గర ఆగిపోవాల్సిందే.

ఆ ఆకుపచ్చ బండి జకరయ్య చుట్టు తిప్పాల్సిన బండి. ఎవరో కోళ్లు పెట్టుకోడానికి వాడుకున్న డొక్కును తెచ్చి, ఏళ్ల తరబడి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక మిగిలిన పూట మాత్రమే పని చేసి నిలబెట్టాడు. ఒక్కో సామాను ఒక్కో ఊరి నుంచి వచ్చింది. ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ కోసం మద్రాసు తుక్కు బజార్లో ఎన్నిసార్లు తిరిగాడో వాళ్ల ఆవిడ సలోమీని అడగాలి. ఇక సీట్లే మిగిలాయి, అవీ నా మిషను మీదే ఉన్నాయి. దసరాకి ఆయుధపూజ రోజున చుట్టు అని ముహూర్తం కూడా అనుకున్నారు.

ఈలోపు వానలు పట్టుకున్నాయి. ఉస్తాద్ కూతుర్ని చూసి రావడానికి గుంటూరు బయల్దేరాడు. వెళ్లే ముందు ఆకాశం వంక చూసి, కోదండపాణి ఎర్రబండికి కింద నుంచి బెల్టులు వేసి, తన చేతుల్తోనే చైన్ పుల్లీకి తగిలించాడు. నీళ్లొస్తే గొలుసు లాగెయ్, బండి పైకి పోద్ది అని జకరయ్యకు చెప్పి బస్సెక్కాడు.

నీళ్లు పొద్దున్నే వచ్చాయి. నేను మిషను తలకాయ ఊడదీసుకుని అటక ఎక్కాను. రెక్సిను చుట్టలు, ఫోము దిండ్లు, తోళ్లు, అన్నీ కిందే ఉండిపోయాయి. వాటిని చూసి ఏడ్చే తీరిక కూడా లేదు. గోడ మీద నుంచి చూస్తే అవతల జకరయ్య మోకాలి లోతు నీళ్లలో గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

లాగాడు. ఎర్రబండి జానెడు లేచింది. అక్కడ ఆగాడు. ఆకుపచ్చ బండి వంక చూశాడు. నీళ్లు దాని గడప దాకా వచ్చేశాయి. అలా ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత గొలుసు వదిలి ఎర్రబండిని దించేశాడు. కొక్కెం ఊడదీశాడు. భుజం పెట్టి దాన్ని పక్కకు తోశాడు. బెల్టులు తీసి తన బండికి వేసుకుని పైకి లాగాడు.

ఎవరైనా అదే చేస్తారు అంటారు మీరు. నాకూ అలాగే అనిపించింది. కానీ చేసేటప్పుడు వాడు ఒక్కసారి కూడా తలెత్తలేదు. పైన నేనున్నానని వాడికి తెలుసు.

నీళ్లు తీశాక చూడాలి మా వీధి. బురద, బురద కింద బురద. ఎవరి మొహాన చూసినా ఒకటే అలుపు. చీపుళ్లు అరిగిపోయాయి గానీ కంపు పోలేదు. ఎర్రబండి స్టీరింగు దాకా మునిగి లేచింది. తలుపు తీస్తే లోపల్నుంచి ఒండ్రు జారి పడింది. స్పీడు చూపించే మీటరు అద్దంలో సగం దాకా నీళ్లు, అందులో చిన్న నత్త. సీటు కోసి చూస్తే లోపలి కొబ్బరిపీచు కుళ్లిపోయి ఉంది. 

జకరయ్య దాని మీద పడ్డాడు. అన్నం లేదు, నిద్ర లేదు. మంచినీళ్లు కొట్టి కొట్టి ఒండ్రు కడిగాడు, కిరసనాయిలు పోసి ఇంజిన్ కడిగాడు, ఆయిలు మార్చాడు, ప్లగ్గులు తీసి నీళ్లు వార్చాడు. రోడ్లు తెగి గుంటూరు నుంచి బస్సులు లేవు. ఉస్తాద్ వచ్చేసరికి ఎర్రబండి గుర్రుమంటూ ఉండాలని వాడి తాపత్రయం. బండి నడుస్తుంటే, ఎందుకు మునిగిందని ఎవరూ అడగరు కదా.

మునిగిన ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టకూడదు, బ్యాటరీతో తిప్పకూడదు. ఇది ఆ షెడ్డులో మొట్టమొదటి పాఠం. ఈ బండ్లకు ముందు హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పే వీలుంది. ప్లగ్గులు తీసేసి నిదానంగా తిప్పాలి, రోజంతా అయినా తిప్పాలి. లోపల ఇంకా చెంచాడు నీళ్లున్నా చేతికి తెలిసిపోద్ది. నీళ్లు నలగవు కదా, అవి నలగకపోతే ఇనుమే వంగాలి. జకరయ్యే ఈ మాట ఎంతమందికి చెప్పాడో. గోడ ఇవతల కూర్చుని నాకే కంఠతా వచ్చింది.

ఆ జకరయ్య ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టాడు. కార్బురేటర్ దారిలో ఎక్కడో ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

ఠక్ మంది. ఒకటే దెబ్బ. నేను సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేశాను. అవతల ఇంకేం చప్పుడు లేదు. కాసేపటికి లేచి తొంగిచూస్తే, వాడు బండిలో సీటు లేని చోట, రేకు మీద కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది.

రోడ్డు బాగుపడ్డాక ఉస్తాద్ వచ్చాడు. షెడ్డు గడపలో నిలబడి చూశాడు. ఎర్రబండి ఒంటి మీద ఎంత కడిగినా పోని చార. ఆకుపచ్చ బండికి చక్రాల పైన ఎక్కడా చార లేదు. చైన్ పుల్లీని చూశాడు. తను ఏ బండికి తగిలించి వెళ్లాడో ఆయనకు గుర్తుండదా? జకరయ్య వాకిట్లో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఏదో ఒకటి అంటాడని నేను చెవి గోడకు ఆనించాను. సీతమ్మా, టీ ఏమన్నా దొరుకుద్దా అని నన్నడిగాడు, అంతే.

టీ తాగి, చొక్కా విప్పి, ఇంజిన్ విప్పడానికి కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి విప్పారు. క్రాంక్‌ని తిప్పే కనెక్టింగ్ రాడ్డు ఒకటి వంగిపోయి ఉంది. క్రాంక్‌ని బయటికి తీసి, తుడిచి, తాడు కట్టి వేలాడదీశాడు ఉస్తాద్. చిన్న సుత్తితో దాన్ని తట్టాడు.

మంచి క్రాంక్ గంటలా మోగుద్ది. ఇది పగిలిన కుండలా డబ్ మంది. ఇంకోచోట తట్టాడు. డబ్. ఎక్కడో కంటికి కనపడని బీట పడింది. నీళ్లలో మునిగితే క్రాంక్‌కి బీట పడదు, సెల్ఫ్ కొడితే పడుద్ది. ఆ సంగతి షెడ్డులో ఇద్దరికీ తెలుసు, గోడ ఇవతల నాకూ తెలుసు.

తెలియనిది కోదండపాణికి ఒక్కడికే. ఆయన స్టూడియో కూడా మునిగింది. కెమెరాలు పోయాయి, లైట్లు పోయాయి, ముప్పై ఏళ్ల నెగెటివ్‌లు ముద్ద అయిపోయాయి. ఇక తిండి పెట్టేది ఆ ఎర్రబండే. పెళ్లికి ముందు అబ్బాయీ అమ్మాయీ అందులో కూర్చుని ఫొటోలు దిగడం మా పక్క అందరికీ ముచ్చట. కెమెరా అద్దెకు దొరుకుద్ది, ఆ బండి ఎక్కడ దొరుకుద్ది? మాఘమాసం ముహూర్తాలకు బండి చేతికొస్తే ఇల్లు గడుస్తుంది, రాకపోతే ఏం చెయ్యాలో ఆయనకే తెలీదు.

అంతా వరద చేసిందనే ఆయన నమ్మకం. జకరయ్య ఒళ్లు దాచుకోకుండా పని చేస్తున్నాడని, ఇంటి నుంచి క్యారేజీ కట్టించి తెచ్చేవాడు. ఒకరోజు ఆకుపచ్చ బండిని చేత్తో తడిమి, నీదన్నా దక్కింది తమ్ముడూ, అదే సంతోషం అన్నాడు. జకరయ్య ఆ క్యారేజీ విప్పలేదు. సాయంత్రం నేనే కడిగి పంపాను.

కొత్త క్రాంక్ కోసం ఇంగ్లండులో సామాన్లు అమ్మేవాళ్లకు రాశారు. వేసవి పోతే గానీ పంపలేమన్నారు. లేతు షాపు బుల్లియ్య వెల్డింగు పెడతా గానీ అది ఎక్కడ విరుగుద్దో నాకు తెలీదు అని ముందే చేతులెత్తేశాడు. ఇక దారి ఒకటే ఉంది. ఆకుపచ్చ బండిలో అచ్చం అలాంటిదే, గంటలా మోగే క్రాంక్ ఉంది. అది తీస్తే ఎర్రబండి లేస్తుంది. ఆకుపచ్చ బండి పడుకుంటుంది, మళ్లీ ఎప్పటికి లేస్తుందో దేవుడికే తెలియాలి. జకరయ్య బోర్డూ దాంతోపాటే పడుకుంటుంది.

ఇది అందరికీ కనపడుతున్న లెక్కే. ఎవ్వరూ నోరెత్తలేదు. జకరయ్య తన బండి మీద టార్పాలిన్ కప్పేశాడు.

ఉస్తాద్ మాత్రం ఒక స్టూలు తెచ్చుకుని, ఆ చచ్చిన క్రాంక్‌ని ఒళ్లో పెట్టుకుని, కిరసనాయిలులో గరుకు ఎమరీ కాగితం ముంచి రుద్దడం మొదలుపెట్టాడు.

మొదటిరోజు తుప్పు వదిలిస్తున్నాడేమో అనుకున్నాం. మర్నాడూ రుద్దాడు. ఆ మర్నాడూ రుద్దాడు. పొద్దున వచ్చి, గోడకు చొక్కా తగిలించి, స్టూలు మీద కూర్చుంటే మధ్యాహ్నం నమాజుకే లేవడం. వచ్చి మళ్లీ రుద్దడం. క్రాంక్ అద్దంలా తయారైంది. అందులో ఆయన గడ్డం కనపడుతోంది. తడితే మాత్రం అదే డబ్.

దసరా వెళ్లిపోయింది. ఆ ఏడు ఆయుధపూజకి షెడ్డులో పానాలకు బొట్లు పెట్టాం గానీ, చుట్టు మాట ఎవరూ ఎత్తలేదు. దీపావళీ వెళ్లిపోయింది.

మిగతా పని మాత్రం ఆగలేదు. ఈ బండ్ల ఒంటికి లోపల చెక్క చట్రం ఉంటుంది, రేకు దానిమీద తొడుగే. తడిసిన చెక్కను ఎండలో పెడితే పగిలిపోద్దని ఉస్తాద్ నీడనే ఆరబెట్టించాడు. తొందరగా ఆరదు, చూస్తూ కూర్చోవాల్సిందే. వైర్లు కొత్తవి లాగారు, బ్రేకులు విప్పి బిగించారు. మీటర్లలో నీళ్లు తీసి, నత్తను కాలవలో వదిలారు. సీట్లు నేను కుట్టిచ్చాను. ఒంటి పని అంతా అయిపోయింది. ఇంజిన్ పెట్టాల్సిన గుంత ఒక్కటే ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

జకరయ్య చిక్కిపోయాడు. మింగలేడు, కక్కలేడు. చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడేవాడు, ఇప్పుడు చెప్పులు విడిచే దగ్గరే కూర్చుంటున్నాడని సలోమీ వచ్చి నా దగ్గర ఏడ్చింది. రోజూ పొద్దున ఉస్తాద్ కంటే ముందొచ్చి, స్టూలు పక్కన కొత్త ఎమరీ కాగితం, గిన్నెలో కిరసనాయిలు పెట్టేవాడు. నేను రుద్దుతా ఇవ్వండి అని ఒకసారి అడిగాడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు.

ముసలాయనకు మతి పోయిందని వీధిలో అనుకోవడం మొదలైంది. నాకు ఒళ్లు మండింది. కిరసనాయిలుకు ఆయన వేళ్ల సందులు పగిలి నెత్తురు కారుతోంది. వెన్న తీసుకెళ్లి ముందు పెట్టి, ఇక ఊరుకోలేక కడిగేశాను. ఎవరు ఏం చేశారో మీకు తెలుసు, నాకు తెలుసు, ఆ క్రాంక్ బాగుపడదని తెలుసు, బాగుపడే దారీ తెలుసు. వాణ్ని పిలిచి ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయిందని అడిగాను.

ఆయన వెన్న వేళ్లకు రాసుకున్నాడు. గోడ అవతలికి వినపడకుండా చెప్పాడు.

"అడిగితే ఇచ్చేస్తాడమ్మా. అందుకే అడగట్లేదు."

మళ్లీ కాగితం ముంచుకున్నాడు. ఈ గురువులతో వేగడం కంటే బురద ఎత్తిపోసుకోవడం నయం అనుకుంటూ వచ్చేశాను.

కార్తీకం సగం గడిచింది. ఒక మధ్యాహ్నం కోదండపాణి వచ్చాడు. పెళ్లివాళ్లు బండి ఉంటుందా ఉండదా చెప్పమని కూర్చున్నారట. ఉండదంటే వేరేవాళ్లను చూసుకుంటారు, ఒకసారి వేరేవాళ్లను చూసుకుంటే మళ్లీ మన గడప తొక్కరు. ఏం చెప్పమంటారని అడిగాడు. ఉస్తాద్ తలెత్తలేదు. జకరయ్య బ్రేకు డ్రమ్ము పట్టుకుని దాన్నే తుడుస్తున్నాడు, తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

కోదండపాణికి ఏం తోచలేదు.  తర్వాత ఒక డబ్బా తిరగేసుకుని ఉస్తాద్ ఎదురుగా కూర్చున్నాడు. చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. గిన్నె పక్కనున్న ఎమరీ కాగితం ముక్క ఒకటి తీసి, కిరసనాయిలులో ముంచి, క్రాంక్ రెండో కొస పట్టుకుని తనూ రుద్దడం మొదలుపెట్టాడు. ఇద్దరం రుద్దితే తొందరగా తెములుద్దేమో అన్నాడు. ఫొటోలు తీసే చేతులు, పని చేతకాక వంకర టింకరగా రుద్దుతున్నాడు. ఇలాగేనా అని ఉస్తాద్‌ని అడిగాడు కూడా.

నేను గోడ దగ్గర నిలబడలేకపోయాను.  కుట్టేదంతా పక్కన పడేసి షెడ్డులోకి వెళ్లాను.

జకరయ్య బ్రేకు డ్రమ్ము కింద పెట్టాడు. వచ్చి వాళ్లిద్దరి ముందు గొంతుక్కూర్చున్నాడు. 

"ఆపండి ఉస్తాద్. అది చచ్చింది."

"తెలుసు," అన్నాడు ఉస్తాద్. చెయ్యి ఆగలేదు.

"తెలిసి ఎందుకు రుద్దుతున్నారు?"

"బతికున్నది ఎక్కడుందో నువ్వు చెప్పేదాకా చేతులు ఖాళీగా ఎందుకని."

కోదండపాణి చెయ్యి ఆగిపోయింది. ఉస్తాద్ మొహంలోకీ జకరయ్య మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అర్థం కాలేదాయనకు.

అప్పుడు జకరయ్య ఆయనకే చెప్పాడు. ఉస్తాద్‌కి కాదు. గొలుసు ముందు మీ బండికే వేసి ఉందని, జానెడు లేపి మళ్లీ దించింది తనేనని, తర్వాత తొందరపడి సెల్ఫ్ కొట్టి క్రాంక్ విరగ్గొట్టింది కూడా తనేనని, వరద చేసింది సగమేనని చెప్పాడు. ఒక్కటి కూడా దాచలేదు. కాళ్లు పట్టుకోలేదు, ఏడవలేదు. క్యారేజీలో అన్నం తినలేకపోయానని మాత్రం చివర్లో చెప్పాడు.

కోదండపాణి అరుస్తాడనుకున్నాను. అరిచుంటే బాగుండేది. నా బండికే వేసి ఉందా అని ఒక్కసారి అడిగాడు. అవునన్నాడు జకరయ్య. ఆయన ఎమరీ కాగితాన్ని గిన్నె పక్కన పెట్టి, లేచి, చేతులు తుడుచుకోకుండానే షెడ్డు బయటికి నడిచాడు. గేటు దాకా వెళ్లాడు. అక్కడ మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనే అనుకున్నాం. వెళ్లలేదు. అలాగని వెనక్కీ రాలేదు.

 ఉస్తాద్ రుద్దుతూనే ఉన్నాడు. కాగితం అరిగిపోయి నున్నగా జారుతోంది, చప్పుడు కూడా రావట్లేదు.

జకరయ్య మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. టార్పాలిన్ వైపు చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూడలేదు.

"నా బండిలో ఉంది ఉస్తాద్."

ఉస్తాద్ చెయ్యి ఆగింది. ఒళ్లో ఉన్న క్రాంక్‌ని రెండు చేతులా ఎత్తి, నిద్రపోయిన బిడ్డను దించినట్టు నెమ్మదిగా నేల మీద దించాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోతే లేవలేకపోయాడు. జకరయ్య లేచి చెయ్యి అందించాడు. నిలబడ్డాక కూడా ఉస్తాద్ ఆ చెయ్యి వదల్లేదు.

స్టూలుకు నాలుగడుగుల దూరంలో ఉంది ఆ టార్పాలిన్. ముసలాయన దాన్ని ఆ చివర నుంచి ఈ చివరి దాకా, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇంత దగ్గర్లోనే ఉందా," అన్నాడు.